కంప్యూటరులో ఉన్నా కనిపించని తెలుగు!
పాత ఫాంట్లలో చిక్కుకున్న గ్రంథాలు.. పరిశోధకులకు తప్పని తిప్పలు

కడప: వందల పుటల గ్రంథం కంప్యూటరులోనే ఉంటుంది. అందులో ఒక మాట ఎన్నిచోట్ల వచ్చిందో వెతికితే మాత్రం ఒక్కచోటా దొరకదు. తెలుగు సాహిత్యం, చరిత్ర, శాసనాలపై పరిశోధన సాగించే అధ్యాపకులకు, విద్యార్థులకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. ఛందస్సు, వ్యాకరణం తెలిసినవారికి యంత్రం అలవాటు ఉండదు. యంత్రం తెలిసినవారికి అరసున్న ఎందుకో తెలియదు. ఇద్దరూ కలిస్తే తప్ప ఈ పని జరగదు.

బ్రౌన్ నుంచి బూసా వరకు

పండితులు ఇతరుల సాయం కోరడం కొత్త కాదు. 19వ శతాబ్దిలో సి.పి.బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను, లేఖకులను నియమించి, వ్రాతప్రతులను పోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేయించారు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది.

ఇటలీకి చెందిన క్రైస్తవ సన్యాసి రాబర్టో బూసా 1949లో ఐబీఎం సంస్థను ఆశ్రయించారు. థామస్ అక్వినాస్ లాటిన్ రచనల్లోని ప్రతి పదానికీ సూచిక తయారు చేయాలన్నది ఆయన సంకల్పం. సుమారు కోటీ పది లక్షల పదాలు గల ఆ కృషి దాదాపు మూడు దశాబ్దాలు సాగి, 56 సంపుటాలుగా వెలువడింది. మానవీయ శాస్త్రాల్లో కంప్యూటరు వినియోగానికి దీనినే తొలి అడుగుగా చెబుతారు.

లోపం ఎక్కడ?

కంప్యూటరుకు అక్షరం అంటే ఒక సంఖ్య. 65 అంటే ఆంగ్లంలో ‘ఏ’ అనే అక్షరం. 1990వ దశకంలో డీటీపీ విస్తరించినప్పుడు అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో ఆంగ్ల అక్షరాల సంఖ్యల వద్దనే తెలుగు తలకట్లు, గుడులు, వత్తుల బొమ్మలను అమర్చారు. కంటికి తెలుగే కనిపిస్తుంది. యంత్రం లోపల ఉన్నవి మాత్రం ఆంగ్ల సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పద్యానికి బదులు అర్థంలేని గుర్తులు దర్శనమిస్తాయి. పైగా ఒక్కో ఫాంటుది ఒక్కో అమరిక.

యూనికోడ్ విధానంలో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా ప్రచురణ రంగంలో పాత ఫాంట్ల వాడుక ఇప్పటికీ పూర్తిగా తొలగలేదు.

సంధి విడదీయనిదే మాట దొరకదు

యూనికోడులోకి మార్చినంత మాత్రాన సమస్య తీరదు. ‘ఇచ్చెను’ అనే మాట కోసం వెతికితే ‘రాముడిచ్చెను’ అన్నచోట అది దొరకదు. సంధి జరిగి ‘ఇ’ అనే అచ్చు పోయి, దాని స్థానంలో గుడి వచ్చింది. యంత్రం దృష్టిలో ఆ రెండూ వేర్వేరు సంఖ్యలు. ‘వాడు కొట్టె’ కావ్యంలో ‘వాడు గొట్టె’ అవుతుంది. ‘వాఁడు’ అని అరసున్నతో ఉన్నది ‘వాడు’ అని వెతికితే తప్పిపోతుంది. గసడదవాదేశం ఏమిటో యంత్రానికి నేర్పగలిగింది వ్యాకరణం చదివినవారే.

శాసనాలది మరో ఇబ్బంది. ఈ జిల్లాలోనే లభించిన రేనాటి చోళుల తెలుగు శాసనాల్లో ‘ఱ’తో పాటు నేడు వాడుకలో లేని ‘ఴ’ కూడా కనిపిస్తుంది. ఈ ‘ఴ’కు యూనికోడులో స్థానం లభించింది 2014లోనే. దంత్య చజలైన ‘ౘ’, ‘ౙ’లకు 2008లోనూ, నకారపొల్లుకు 2021లోనూ చోటు దక్కింది. అంతకుముందు సిద్ధమైన ప్రతుల్లో వీటికి బదులు వేరే అక్షరాలు వాడి ఉండవచ్చు. పాత ఫైళ్లను నమ్మేముందు మూలంతో సరిచూసుకోవలసిందే.

అచ్చుపుటను చదివి అక్షరాలుగా మార్చే ఓసీఆర్ సాధనాలు ఇప్పుడు తెలుగుకూ ఉన్నాయి. అయితే ‘థ’కు ‘ధ’, ‘మ’కు ‘య’ పడే ప్రమాదం ఉంది. ఒక్క అక్షరం మారితే పద్యంలో యతి చెడుతుంది, అర్థమూ చెడుతుంది. కనుక మనిషి చేసే పరిష్కరణ తప్పదు.

సాయం అడిగే ముందు

‘నా పుస్తకాన్ని కంప్యూటరులో పెట్టండి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. కొన్ని వివరాలు సిద్ధం చేసుకుంటే పని సులువవుతుంది.

* ఏ ఫాంటులో, ఏ సాఫ్ట్‌వేరులో కూర్చారో డీటీపీ కేంద్రంలో అడిగి రాసి ఉంచుకోవాలి. ఫాంటు పేరు తెలిస్తేనే సరైన మార్పిడి సాధనం ఎంచుకోవచ్చు.
* పీడీఎఫ్‌తో తృప్తిపడక అసలు ఫైలు కూడా తీసుకోవాలి.
* మొత్తం గ్రంథం కాక, మొదట రెండు పుటలు మార్చి చూడాలి. అచ్చుప్రతితో పోల్చి తప్పులు గుర్తించాలి.
* తాను తేల్చదలచిన ప్రశ్నను ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ‘ఈ కావ్యంలో ఈ ధాతువు ఎన్ని రూపాల్లో వచ్చింది?’ అన్న ప్రశ్నకు దారి చూపవచ్చు.
* అరసున్నలు, శకటరేఫలు ఉంచాలా తీసివేయాలా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. మూలప్రతిని మాత్రం మార్చకుండా వేరుగా భద్రపరచాలి.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం, మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ ఈ రంగంలో కృషి చేసినవే. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద కార్యకర్తలు పాత గ్రంథాలను పుటలవారీగా సరిదిద్దుతున్నారు. ఆంధ్రభారతి జాలస్థలిలో పలు నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు.

జిల్లాల్లో వెలువడిన స్థానిక చరిత్రలు, శాసన సంకలనాలు, సిద్ధాంత గ్రంథాలు చాలావరకు కొద్ది ప్రతులే అచ్చయ్యాయి. వాటి ఫైళ్లు డీటీపీ కేంద్రాల్లోని పాత కంప్యూటర్లలో ఉంటాయి. కేంద్రం మూతపడితే, యంత్రం తుక్కుకు వెళ్తే అవీ పోతాయి. తాటాకును చెదలు తినడానికి ఏళ్లు పట్టేది. ఫైలు పోవడానికి ఒక్క రోజు చాలు. రచయితలు, వారి వారసులు ఆలోగానే ఆ ఫైళ్లను అడిగి తెచ్చుకుని, యూనికోడులోకి మార్పించుకోవడం మేలు.