విద్యా సాంకేతిక శాస్త్రం (స్నాతకోత్తర అధ్యయనం)

విద్యా సాంకేతిక శాస్త్రం అనగా మనిషి నేర్చుకొనే తీరును పరిశీలించి, దానికి తగినట్లు పాఠాన్ని, సాధనాలను, పరీక్షను రూపొందించే అధ్యయన విభాగము. ఇందులో పాఠం కూర్పుకు సంబంధించిన భాగాన్ని బోధనా రూపకల్పన అంటారు. బి.ఇడి.లో ఇది ఒక పాఠ్యాంశం మాత్రమే. కొన్ని విశ్వవిద్యాలయాలలో మాత్రం స్నాతకోత్తర, పరిశోధక స్థాయిలలో స్వతంత్ర శాస్త్రంగా బోధింపబడుతున్నది. కంప్యూటరు, ప్రొజెక్టరు నడపడం నేర్పే చదువుగా దీనిని పొరబడేవారు ఎక్కువ. నిజానికి యంత్రం ఇందులో ఒక భాగం, అదీ పెద్ద భాగం కాదు.

చరిత్ర

అమెరికాలో సిడ్నీ ప్రెస్సీ 1920లలోనే ప్రశ్న చూపి జవాబును సరిచూసే యంత్రాన్ని తయారుచేశాడు. ఈ ఆలోచనను విస్తరించినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్. 1953లో ఆయన తన కుమార్తె చదువుతున్న తరగతికి వెళ్ళి లెక్కల పాఠాన్ని గమనించాడు. పిల్లలందరూ ఒకే వేగంతో సాగవలసి వస్తున్నది. చేసిన లెక్క ఒప్పో తప్పో వారికి అప్పటికప్పుడు తెలియడం లేదు. బోధన యంత్రము, కార్యక్రమయుత బోధన ఈ పరిశీలన నుండి పుట్టినవే. పాఠాన్ని చిన్న మెట్లుగా విడగొట్టడం, ప్రతి మెట్టు వద్ద విద్యార్థి చేత జవాబు రాయించడం, సరైన జవాబును వెంటనే చూపడం దీని పద్ధతి. ఆ యంత్రాలు త్వరలోనే మూలబడ్డాయి గాని పద్ధతి నిలిచింది.

రాబర్ట్ గాన్యే 1965లో ప్రచురించిన గ్రంథంలో అభ్యసనం ఒకే రకమైనది కాదని, రకాన్ని బట్టి బోధన మారవలెనని ప్రతిపాదించాడు. 1975లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికా సైన్యం కోసం రూపొందించిన శిక్షణా విధానమే విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అనే అయిదు దశల నమూనాకు మూలం.

అధ్యయన విధానం

అయిదు దశలలో విద్యార్థులు తేలికగా తీసుకొనేది, ఎక్కువ శ్రమ కోరేది మొదటిదే. ఒక బాలుడు 1/2, 1/3లను కూడి 2/5 అని రాశాడనుకొందాం. అతడు పద్ధతి మరచిపోయాడా, లేక లవ హారాలను సంబంధం లేని రెండు సంఖ్యలుగా భావిస్తున్నాడా అన్నది ముందు తేల్చుకోవాలి. మొదటిదైతే అభ్యాసం చాలు. రెండవదైతే ఎన్ని లెక్కలు చేయించినా ప్రయోజనం ఉండదు. సగం కంటే 2/5 తక్కువ కదా, కూడితే తగ్గుతుందా అని కాగితపు పట్టీలు మడిచి చూపవలసి ఉంటుంది. సుద్దముక్క చాలునా, కదిలే బొమ్మలు కావలెనా అనే ప్రశ్న ఆ తరువాతిది. మిగిలిన పాఠ్యక్రమంలో అభ్యసన సిద్ధాంతాలు, మూల్యాంకనం, గణాంక శాస్త్రం, పరిశోధనా పద్ధతులు ఉంటాయి.

మాధ్యమంపై వివాదం

1983లో రిచర్డ్ క్లార్క్ ఈ రంగాన్ని కుదిపివేసిన వాదం చేశాడు. సరుకులు తెచ్చిన లారీని బట్టి తినేవారి పోషణ మారనట్లే, పాఠాన్ని మోసిన మాధ్యమాన్ని బట్టి అభ్యసనం మారదని, ఫలితమిచ్చేది బోధనా పద్ధతియేనని ఆయన అభిప్రాయం. రాబర్ట్ కోజ్మా 1991లో దీనిని ఖండిస్తూ, కొన్ని మాధ్యమాలకు ఇతర మాధ్యమాలకు లేని శక్తి ఉన్నదని, పద్ధతిని మాధ్యమాన్ని పూర్తిగా వేరుచేయడం కుదరదని వాదించాడు. ఈ వివాదం తేలిపోయిందని చెప్పలేము. పాఠశాలలకు ఉపకరణాలు కొనే ముందు దీనిని చదవడం మేలు.

భారతదేశంలో

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఎ.టి.ఎస్.-6 ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా ప్రసారాలు జరిగాయి. ఆంధ్ర ప్రదేశ్ వాటిలో ఒకటి. పాఠాలు తెలుగులోనూ ప్రసారమయ్యాయి. అరువు గడువు ఏడాదే కావడంతో ప్రసారాలు ఆగిపోయాయి. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలిలో భాగంగా కేంద్రీయ విద్యా సాంకేతిక సంస్థ 1984లో ఏర్పడింది. ముంబైలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగం కలదు. ఐ.ఐ.టి. బొంబాయి 2010లో ఇందులో పరిశోధనా కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇంజనీరింగు చదివినవారు కూడా దీనివైపు రావడానికి అది దారి చూపింది.