ఇంటి కప్పులో నీటి కాపలా: కొత్త ఇళ్ళకు స్ప్రింక్లర్లు తప్పనిసరి చేయవలెనా?

అమెరికాలో కొత్త ఇల్లు కొనదలచిన తెలుగు కుటుంబం సాధారణంగా విచారించే విషయాలు కొన్ని ఉన్నవి. ద్వారం తూర్పు ముఖంగా ఉన్నదా, దగ్గరలో మంచి బడి ఉన్నదా, వంటింటి పొగ బయటకు పోతుందా, ఇండియా నుండి అమ్మానాన్నలు వస్తే క్రింది అంతస్తులో వారికొక పడకగది ఉన్నదా అని అడుగుతారు. కప్పులో మంటలనార్పే నీటి గొట్టాలున్నవా అని అడిగేవారు అరుదు. అడిగినా, జవాబు ఆ ఇల్లున్న రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియా, మేరీలాండ్ రాష్ట్రాలలో కొత్త ఇళ్ళకు స్ప్రింక్లర్లు తప్పనిసరి. తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడిన టెక్సాస్‌లో మాత్రం, ఒకటి లేక రెండు కుటుంబాలు నివసించే ఇళ్ళకు అట్టి నిర్బంధాన్ని ఏ నగరమూ కొత్తగా విధించరాదని 2009లో చట్టమే చేశారు. ఒకే దేశంలో ఒకే విధమైన ఇంటికి ఇంతటి భేదమేమిటో గ్రహించవలెనంటే, ముందుగా ఆ పరికరం పనిచేసే తీరు తెలియవలెను.

స్ప్రింక్లరు కొత్త వస్తువు కాదు. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పియానోల కర్మాగారం నడిపిన హెన్రీ పార్మెలీ 1874లో ఒక రూపాన్ని, ఫ్రెడరిక్ గ్రినెల్ 1881లో మెరుగైన మరొక రూపాన్ని తయారుచేశారు. శతాబ్దం పాటు అది కర్మాగారాలకు, గిడ్డంగులకు, హోటళ్ళకు పరిమితమై ఉండినది. నివాస గృహాల కొరకు జాతీయ అగ్ని రక్షణ సంఘం ప్రత్యేక ప్రమాణాన్ని ప్రకటించినది 1975లోనే.

నేటి స్ప్రింక్లరు తలలో చూపుడువ్రేలి కణుపంత గాజు బుడ్డి ఉంటుంది. అందులో రంగు ద్రవం, కొద్దిపాటి గాలి బుడగ ఉంటవి. గొట్టంలోని నీటిని అడ్డగించే మూతను ఈ బుడ్డియే పట్టి ఉంచుతుంది. క్రింద మంట లేచినపుడు వేడి గాలి పైకి చేరి కప్పును అంటి పరచుకొంటుంది. ద్రవం వ్యాకోచించి, ఇళ్ళలో సాధారణంగా వాడే రకంలో 68 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, బుడ్డిని పగులగొడుతుంది. మూత ఊడి, నీరు పళ్ళ చక్రం వంటి రేకుకు తగిలి గది అంతా చిమ్ముతుంది. ఇందులో విద్యుత్తు లేదు, కంప్యూటరు లేదు, మీట నొక్కవలసిన మనిషి లేడు.

ఈ వర్ణన వలన రెండు అపోహలు తొలగిపోవలెను. సినిమాలలో ఎవరో అగ్గిపుల్ల గీయగానే భవనమంతటా వాన కురుస్తుంది. నిజానికి ఏ తలకు ఆ తలయే వేడెక్కి తెరచుకోవలెను. ఇంటి మంటలలో ఎక్కువగా ఒకటి రెండు తలలే తెరచుకొంటవి. రెండవది, మన వంటింటి అనుభవం. పోపు వేయగానే స్మోక్ అలారం కూయడం, ఎవరో ఒకరు తువాలుతో విసరడం, చివరకు విసిగి బ్యాటరీ ఊడదీయడం తెలియని తెలుగు ఇల్లు ఉండదు. స్ప్రింక్లరుకు పొగతో పని లేదు, వేడితోనే పని. ఎండుమిరపకాయల ఘాటు గానీ, అగరువత్తులు గానీ, దేవుని ముందు దీపం గానీ దానిని కదిలించలేవు. గృహప్రవేశం నాడు తక్కువ ఎత్తు కప్పు క్రింద హోమగుండం పెట్టడం మాత్రం వేరు సంగతి; పురోహితునితో ముందే మాట్లాడుకోవడం మేలు.

ఇక అసలు ప్రశ్న: ఇంటికి ఇంత అవసరమా? దీనికి జవాబు ఇంటి గోడలలో కంటె ఇంటిలోని సామానులో ఉన్నది. పూర్వం కుర్చీలు, పరుపులు కొయ్యతో, దూదితో, ఉన్నితో చేసేవారు. నేటి సోఫాలో ఉండేది పాలీయురిథేన్ నురుగు. అది పెట్రోలియం సంతానం. అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ సంస్థ ఒకే కొలతల గదులు రెండింటిని, ఒకదానిని పాత సామానుతో, మరొకదానిని కొత్త సామానుతో నింపి నిప్పంటించినది. గదిలోని వస్తువులన్నీ ఒక్కసారిగా భగ్గుమనే స్థితి కొత్త గదిలో నాలుగు నిమిషాలలోపే వచ్చినది. పాత గదికి 29 నిమిషాలకు పైగా పట్టినది. నేల దూలాల సంగతీ అంతే. నిండు కొయ్య దూలాల నేల 18 నిమిషాలకు పైగా నిలువగా, నేడు విరివిగా వాడే సన్నని కృత్రిమ దూలాల నేల ఆరు నిమిషాలకే కూలినది.

911కు ఫోను చేసి, అగ్నిమాపక వాహనం బయలుదేరి, వీధి వెతుక్కొని చేరేసరికి ఆ నాలుగు నిమిషాలు గడచిపోవచ్చును. ఆరోగ్యవంతులకు అలారం చాలును. లేచి బయటకు పరుగెత్తగలరు. ఆరు నెలలు ఉండి పోదామని వచ్చిన డెబ్బది ఏండ్ల అమ్మమ్మ సంగతి వేరు. వినికిడి తక్కువ, మోకాళ్ళ నొప్పి, వీధి తలుపు తాళం తీయడం ఇంకా అలవాటు కాలేదు. అగ్ని ప్రమాదాలలో వృద్ధులు తమ జనాభా నిష్పత్తిని మించి మరణించడం అమెరికా గణాంకాలలో ఏటా కనిపించే విషయమే.

అరిజోనాలోని స్కాట్స్‌డేల్ నగరం 1986 నుండి కొత్త ఇళ్ళన్నిటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి చేసినది. తొలి 15 సంవత్సరాల లెక్కలలో, స్ప్రింక్లర్లున్న ఇళ్ళలో మంటలకు ఒక్కరూ మరణించలేదు. లేని ఇళ్ళలో 13 మంది మరణించారు. నీటి వలన ఇల్లు పాడవుతుందనే భయానికీ అక్కడే సమాధానం దొరికినది: స్ప్రింక్లరు సగటున 341 గ్యాలన్లు వాడగా, అగ్నిమాపక గొట్టాలు 2,935 గ్యాలన్లు కుమ్మరించినవి. అయితే ఆ నగరంలో స్ప్రింక్లర్లున్నవన్నీ కొత్త ఇళ్ళు, లేనివి పాతవి అన్న సంగతి కూడా గుర్తుంచుకోవలెను.

గృహనిర్మాతల వాదం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. కొత్త ఇళ్ళలో అలారాలు విద్యుత్తుతో నడుస్తూ ఒకదానితో ఒకటి కలిపి ఉంటవి. ఒకటి మ్రోగితే అన్నీ మ్రోగుతవి. మరణాలలో అధిక భాగం పాత ఇళ్ళలోనే. అటువంటపుడు కొత్త ఇంటి ధర పెంచితే, కొనలేనివారు పాత ఇంటిలోనే ఉండిపోతారు గదా అని వారి ప్రశ్న. దీనిని స్వార్థమని త్రోసివేయరాదు. 2013 నాటి ఒక అధ్యయనం ప్రకారం ఖర్చు చదరపు అడుగుకు సగటున 1.35 డాలర్లు, 2,500 చదరపు అడుగుల ఇంటికి సుమారు 3,400 డాలర్లు. నాటికి నేటికి ధరలు పెరిగినవి. నగరపు కొళాయి లేక బావి నీటిపై ఆధారపడిన చోట తొట్టి, పంపు అదనం.

చలి ప్రదేశాలలో గొట్టాలు గడ్డకట్టి పగిలే ప్రమాదమూ ఉన్నది. దీనికి విరుగుడుగా గడ్డకట్టని ద్రావణాలను నింపేవారు. 2009లో కాలిఫోర్నియాలోని ట్రకీ పట్టణంలో వంటింటి నూనె మంటపై అట్టి ద్రావణం పడగా మంట మరింత భగ్గుమని ఒకరు మరణించారు. మరుసటి ఏడే ఆ ద్రావణాల వాడకంపై కఠినమైన ఆంక్షలు వచ్చినవి.

2008 సెప్టెంబరులో మినియాపొలిస్‌లో జరిగిన నిర్మాణ నియమావళి సభకు దేశం నలుమూలల నుండి అగ్నిమాపక అధికారులు తరలివచ్చి, మూడింట రెండు వంతులకు మించిన ఓట్లతో నిబంధనను గెలిపించారు. 2009 నియమావళిలో అది చేరినది. కాని ఆ నియమావళి చట్టం కాదు. రాష్ట్రాలు స్వీకరిస్తేనే చెల్లును. పెన్సిల్వేనియా 2011 జనవరిలో అమలుచేసి, కొన్ని నెలలకే రద్దు చేసికొన్నది. సముద్రానికి ఆవల వేల్స్ 2016 నుండి కొత్త ఇళ్ళన్నిటికీ తప్పనిసరి చేసినది.

పరికరం పనిచేయునా అన్నది ఇపుడు వివాదం కాదు. స్ప్రింక్లర్లున్న ఇళ్ళ మంటలలో మరణాల రేటు 80 శాతానికి పైగా తక్కువ. నేటి కొనుగోలుదారు చెల్లించే మూడు నాలుగు వేల డాలర్ల వలన లాభపడేది ముప్పది ఏండ్ల తరువాత ఆ ఇంటిలో ఉండే అపరిచితుడు కావచ్చును. కొత్త ఇల్లు ఎల్లకాలం కొత్తగా ఉండదు. అలారాల ఆయువు పదేండ్లే. ఈ దృష్టితో చూచినపుడు నిర్బంధం పక్షమే కొంత మొగ్గుతుంది.

నిర్బంధం లేని రాష్ట్రంలో కూడా కోరినవారు పెట్టించుకొనవచ్చును. గోడలకు పలకలు బిగించక మునుపే నిర్మాతను అడగవలెను; ఇల్లు పూర్తయిన తరువాత ఖర్చు ఎంతో పెరుగుతుంది. ఉన్నవారు రంగులు వేయించేటపుడు తలలపై గానీ, వాటిని కప్పే పలుచని బిళ్ళలపై గానీ రంగు పడనీయరాదు; బిళ్ళ అతుక్కొనిపోతే సమయానికి ఊడదు. పుట్టినరోజు బుడగలకు, వ్రతం నాటి మామిడి తోరణాలకు కప్పు నుండి కొక్కెంలా వ్రేలాడే ఆ తల ఎంత అనువుగా కనిపించినా దానికి కట్టరాదు. గాజు బుడ్డి చిట్లితే, మంట లేకున్నా, నిమిషానికి పది గ్యాలన్లకు పైగా నీరు పీటల మీద కూర్చున్న దంపతుల నెత్తిన పడుతుంది.