ఒక పాట – పండ్రెండు మీటులు

వాద్యము నేర్చుకొనువారిలో రెండు తెగలవారు కనబడుదురు. కొందరు పది పాటల మొదటి ముక్కలను మాత్రము నేర్చి, దేనిని కడవరకు వాయింపలేకుందురు. మరికొందరు ఒక్క పాటనే పట్టుకొని, అందలి ప్రతి మీటును చక్కబరచుకొనుచు, దానితోపాటు చేతికిని చెవికిని శిక్షణ నిచ్చుకొందురు. గిటారుపై రాక్ సంగీతము నభ్యసించువారు ఈ రెండవ మార్గమునకు తరచుగా ఎన్నుకొను పాట యొకటి కలదు. దాని పేరు 'స్మోక్ ఆన్ ది వాటర్', అనగా 'నీటిమీది పొగ'. దానిని కూర్చినవారు డీప్ పర్పుల్ అను ఆంగ్ల వాద్యబృందమువారు.

ఆ పాట పుట్టిన విధము వినదగినది. 1971వ సంవత్సరము డిసెంబరు నెలలో ఈ బృందమువారు స్విట్జర్లాండు దేశమున జెనీవా సరస్సు తీరముననున్న మాంత్రో పట్టణమునకు పోయిరి. అచటి కాసినో భవనమున తమ పాటలను రికార్డు చేయవలెనని వారి సంకల్పము. 4వ తేదీన ఆ భవనములో ఫ్రాంక్ జప్పా అను వేరొక కళాకారుని కచ్చేరి జరుగుచుండగా, ప్రేక్షకులలో నొకడు సంకేతములకు వాడు మంటగుండును పైకి కాల్చెను. పైకప్పునకు నిప్పంటుకొని భవనము దగ్ధమయ్యెను. జనులు మాత్రము ప్రాణములతో బయటపడిరి. సరస్సు నీటిపై పొగ కమ్ముకొనుటను బృందమువారు కన్నులార చూచిరి. పనిచేయుటకు చోటు కరవైనను వారు వెనుదిరుగలేదు. చలికాలమగుటచే మూతపడియున్న యొక హోటలును కుదుర్చుకొని, దాని నడవలలో వాద్యములు అమర్చుకొని, తలపెట్టిన పని ముగించిరి. 1972లో వెలువడిన 'మెషీన్ హెడ్' అను వారి సంపుటములో ఈ పాట చేరినది.

రాక్ సంగీతమున పాటకు ఆధారముగా మరల మరల వచ్చు చిన్న స్వరసమూహమును 'రిఫ్' అందురు. ఈ పాటలోని రిఫ్‌ను కూర్చినవాడు గిటారు వాద్యకుడు రిచీ బ్లాక్‌మోర్. గిటారునకు ఆరు తీగలుండును. వీణకు వలెనే దానికిని మెట్లు కలవు. ఈ రిఫ్‌లో మూడవ, నాలుగవ తీగలను ఒకేసారి మీటవలెను. మొదట మెట్టు నొక్కని వట్టి తీగలు, పిదప మూడవ మెట్టు, ఐదవ మెట్టు. మరల వట్టి తీగలు, మూడవ, ఆరవ, ఐదవ మెట్లు. తుదకు వట్టి తీగలు, మూడవ, ఐదవ, మూడవ మెట్లు, మరల వట్టి తీగలు. అన్నియు కలిసి పండ్రెండు మీటులే. మూడవ తీగను షడ్జముగా నెంచినచో, ఆ తీగపై పలుకు స్వరములు షడ్జము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, ప్రతి మధ్యమము. మొత్తము పదునారు లెక్కలు; ఆదితాళమున రెండావర్తముల పొడవు.

తీగలను జంటగా మీటుటకు కారణము కలదు. విద్యుత్ గిటారులో ఉక్కుతీగల కదలికను వాని క్రిందనున్న అయస్కాంతములును రాగిచుట్టలును విద్యుత్తుగా మార్చును. ధ్వనివర్ధకమును దాని హద్దు మించి పనిచేయించినప్పుడు నాదము గరుకుదేరును. అట్టి నాదములో పలు స్వరములను కలిపిన గజిబిజి యగును. ఈ జంటలోని వట్టి తీగలు సెకనుకు సుమారు 147, 196 మారులు కంపించును. అనగా 3కు 4 చొప్పున. వాని భేదమైన 49 కంపనములు రెండు స్థాయిల క్రిందనున్న షడ్జమే. గరుకు నాదములో ఆ షడ్జము కూడ పలుకుటచే రెండు తీగల ధ్వని పొందికగను, గంభీరముగను తోచును.

ఈ రిఫ్‌ను ఒక దినములో పట్టుకొనవచ్చును. చక్కగా వాయించుటకు మాత్రము వారములు పట్టును. మొదటి పాఠము కుడిచేతిది. బిళ్లతో మీటినచో ఒక తీగ ముందు, ఒక తీగ వెనుక మ్రోగును. బ్లాక్‌మోర్ వలె వ్రేళ్లతో రెండింటిని ఒక్కసారి గిల్లినచో రెండును కలిసి పలుకును. రెండవ పాఠము ఎడమచేతిది. వ్రేలిని మెట్టునకు దగ్గరగా, దాని వెనుక నుంచి, స్వరము పలుకుటకు చాలినంత మాత్రమే నొక్కవలెను. బలము హెచ్చినచో శ్రుతి చెడును, మణికట్టు నొచ్చును. నొప్పి తోచినచో ఆనాటికి చాలించుట మేలు.

మూడవది లయపాఠము. మొదటి మూడు మీటులును లెక్కకు సరిగా పడును. రెండవ వరుస మాత్రము రెండు లెక్కల నడుమ ఎత్తుకొనబడును. తొందరపడు విద్యార్థి దానిని లెక్కమీదకే లాగును. పాట ప్రాణము అచ్చటనే పోవును. అందుచే లయసూచక యంత్రమును నిమిషమునకు 60 లెక్కలకు అమర్చుకొని, తప్పు లేకుండ వచ్చిన పిమ్మటనే క్రమముగా వేగము పెంచవలెను. అసలు పాట వేగము 110కి కొంచెము పైన నుండును.

నాలుగవ పాఠము మౌనము. మీటుటయే కాక మీటినదానిని సకాలమున ఆపుటయు విద్యయే. నొక్కిన వ్రేలిని తీగను విడువకయే సడలించినచో ధ్వని ఆగును. వట్టి తీగలను అరచేతి అంచుతో తాకి ఆపవలెను. ధ్వనివర్ధకము స్వరమును పెంచినట్లే, తాకరాని తీగల రొదను కూడ పెంచును.

పాట యందరెరిగినది యగుటయే ఇందలి గొప్ప మేలు. సరియైన రూపము చెవిలో ముందే యుండును గనుక చేతి తప్పును చెవియే పట్టియిచ్చును. పాట మొదట గిటారు ఒంటరిగా పలుకును. తక్కిన వాద్యములు తరువాత ఒక్కొక్కటిగా చేరును. ఆ ఒంటరి ఘట్టములో దోషము దాగుటకు చోటు లేదు. తాను వాయించినదానిని రికార్డు చేసి విన్న విద్యార్థికి ఈ సంగతి వెంటనే తెలియును.

రిఫ్ కుదిరిన పిమ్మట పాటలోని తక్కిన భాగములను, నడిమి ఒంటరి వాదనమును అభ్యసింపవచ్చును. అందు వీణపై వలె తీగను ప్రక్కకు లాగి స్వరమును పెంచు పని కూడ వచ్చును. ఇట్లు ఒక్క పాట కడముట్టునప్పటికి వ్రేళ్లకు పొందికయు, చేతికి నిగ్రహమును, చెవికి వివేకమును అలవడును. ఆ మూడును తరువాతి పాటకు పెట్టుబడియగును. భవనము కాలిపోయినను పనిని విడువనివారి పాట, తప్పులు దొర్లినను సాధనను విడువనివారికే వశమగుచున్నది.