వంటింటి పనిని కేలరీల ఖాతాలో రాయవచ్చా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి భిలాయ్‌లో స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సెక్టర్ 2 క్వార్టర్లలో అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. తల్లి బరువు 55 కిలోలు. కూతురు ఆమె ఫోన్‌లో కేలరీల యాప్ పెట్టింది. సాయంత్రం నడక అరగంటకే అందులో అంకె కనబడుతుంది. "పొద్దుట లేచిన దగ్గర్నుంచి నడుం వాల్చలేదు, అదేమీ లెక్కలోకి రాదా?" అని తల్లి అడుగుతుంది. "వంట, ఊడ్పు కూడా రాసుకోవచ్చమ్మా" అంటుంది కూతురు. రాస్తే 300 కేలరీలు ఖర్చయ్యాయని యాప్ చూపించింది. అంత మేరకు ఎక్కువ తినవచ్చని కూడా చెప్పింది.

ఆ పనులకు శక్తి ఖర్చవుతుందన్నది నిజమే. చిక్కంతా ఆ 300 అనే అంకెతోనే.

పనుల శక్తి వ్యయాన్ని శాస్త్రవేత్తలు ‘మెట్’ అనే కొలతతో చెబుతారు. ఊరికే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు 1 మెట్. అంటే కిలో బరువుకు గంటకు దాదాపు ఒక కేలరీ. వంట 2 మెట్‌ల పని, ఇల్లు ఊడ్వడం సుమారు 3. ఆ తల్లి రెండు గంటలు వంట చేస్తే 220 కేలరీలు, అరగంట ఊడిస్తే మరో 80 పైచిలుకు. మొత్తం 300 అయింది. కానీ ఆ రెండున్నర గంటలూ ఆమె కుర్చీలో కూర్చున్నా శరీరం దాదాపు 137 కేలరీలు వాడుకునేదే. గుండె కొట్టుకోవడానికి, ఊపిరి తీయడానికి, ఒంటి వేడి నిలవడానికి అయ్యే ఖర్చు అది. దాన్ని తీసేస్తే పని వల్ల అదనంగా అయినది 165 మాత్రమే, అంటే ఇంచుమించు రెండు పుల్కాలు.

ఆ 165నైనా విడిగా కలుపుకోవచ్చా అంటే, అదీ కుదరదు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం 55 కిలోల మహిళకు తక్కువ శ్రమ ఉంటే రోజుకు 1660 కేలరీలు, మధ్యస్థ శ్రమ ఉంటే 2130, కఠిన శ్రమ ఉంటే 2720 కావాలి. విశ్రాంతిలో అయ్యే ఖర్చును శ్రమ స్థాయిని బట్టి హెచ్చించి ఈ అంకెలు కట్టారు. తక్కువ శ్రమకు 1.4 రెట్లు. అంటే 1660లో దాదాపు 1190 కేలరీలు విశ్రాంతివి. మిగిలిన 470లో తిండి అరగడానికి అయ్యే ఖర్చుతో పాటు నిలబడడం, నడవడం, చిన్నాచితకా ఇంటిపని అన్నీ ఇమిడి ఉన్నాయి. చాలా యాప్‌లు రోజువారీ కోటాను ఈ పద్ధతిలోనే కడతాయి. దాని మీద వంటను మళ్లీ రాస్తే ఒకే ఖర్చును రెండుసార్లు రాసినట్టే.

అయితే ఆమె నిజంగా ‘తక్కువ శ్రమ’ మనిషేనా? మన దేశంలో చాలాకాలం వాడిన పోషకాహార పట్టికలో గృహిణిని టీచరుతో పాటు తక్కువ శ్రమ వర్గంలో, ఇళ్లలో పనిచేసే మనిషిని మధ్యస్థ శ్రమ వర్గంలో ఉంచారు. చీపురు ఒకటే, పట్టిన చేతిని బట్టి వర్గం మారిపోయింది! పనిమనిషి, వాషింగ్ మెషీన్ లేకుండా ఇంటెడు చాకిరీ చేసుకునే ఇల్లాలికి 1660 సరిపోకపోవచ్చు. అలాంటప్పుడు చేయాల్సింది మొదట్లోనే సరైన శ్రమ స్థాయిని ఎంచుకోవడం. ఒక్కో పనినీ విడివిడిగా కలుపుతూ పోవడం కాదు.

చేతి గడియారాన్ని నమ్ముదామంటే, 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాలను పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు సరిగానే చూపాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నింటిలోకి మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

లెక్క ఇలా ఉందని చిన్న కదలికలను కొట్టిపారేయకూడదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ బృందం 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ 1000 కేలరీలు అదనంగా తినిపించింది. 1999లో వెలువడిన ఫలితాల్లో ఒకరికి అరకిలో లోపు కొవ్వు పెరిగితే, మరొకరికి నాలుగు కిలోలు దాటింది. తేడాకు ప్రధాన కారణం వ్యాయామం కాదు. లేవడం, తిరగడం, కుదురుగా కూర్చోకపోవడం లాంటి మామూలు కదలికలు కొందరిలో వాటంతటవే పెరిగాయి.

ఉక్కు నగరానికి ఇంకా దగ్గరగా తగిలే పరిశీలన ఒకటి 1956 నాటిది. పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో జీన్ మేయర్ బృందం పనివారి తిండినీ, బరువునూ, శ్రమనూ పోల్చి చూసింది. తేలిక పని నుంచి బరువు పని దాకా శ్రమ పెరిగేకొద్దీ తిండి పెరిగింది, ఒళ్లు మాత్రం పెరగలేదు. బొత్తిగా కూర్చుని పనిచేసేవారు మాత్రం బరువులు మోసేవారితో సమానంగా తిన్నారు, బరువూ ఎక్కువే ఉన్నారు. కదలిక మరీ తగ్గితే ఆకలి దాన్ని అనుసరించి తగ్గలేదన్నమాట.

ఫిట్టరుగానో వెల్డరుగానో పనిచేసి రిటైరైన మనిషికి ఇది వర్తిస్తుంది. 65 కిలోల పురుషుడికి మధ్యస్థ శ్రమలో 2710 కేలరీలు, తక్కువ శ్రమలో 2110. ప్లాంటు గేటు దాటి ఇంటికొచ్చేశాక రోజుకు 600 కేలరీల అవసరం తగ్గింది. కంచంలో అన్నం మాత్రం షిఫ్టు రోజుల్లో పెట్టినంతే. వయసుతో విశ్రాంతి ఖర్చు కూడా తగ్గుతుంది. కూరగాయలకు నడిచి వెళ్లడం, పెరట్లో మొక్కలకు నీళ్లు పట్టడం ఈ 600నూ పూడ్చలేవు గానీ, కొంత తగ్గిస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చేయమంటాయి. 3 మెట్‌ల కంటే తక్కువైన వంట ఆ నిమిషాల్లోకి రాదు. కూర్చునే సమయం తగ్గించి తేలిక పనైనా చేయడం మేలని కూడా అవే చెబుతున్నాయి. కోటా సరిగ్గా ఎంచుకున్నామా లేదా తెలియాలంటే వారానికోసారి, ఒకే రోజున, పొద్దున్నే పరగడుపున బరువు చూసుకుని రాసుకోవచ్చు. నెల రోజుల పాటు బరువు నిలకడగా ఉంటే వంట, ఊడ్పు అన్నీ ఆ కోటాలో చేరినట్టే.