విత్తనం లేని వంశం

అరటిపండును అడ్డంగా కోసి చూస్తే నడుమ సన్నని నల్లచుక్కలు కనిపిస్తాయి. విత్తనాలు ఎదగవలసిన చోటు అది. ఆగ్నేయాసియా అరణ్యాలలో నేటికీ పెరిగే అడవి అరటిలో గుజ్జు స్వల్పం. పలుగురాళ్ళవంటి గింజలే అధికం. ఎప్పుడో, ఎక్కడో కొన్ని చెట్లకు గింజలేని కాయలు కాశాయి. మానవుడు వాటిని విడిచిపెట్టలేదు. వేల సంవత్సరాలుగా వాటి పిలకలనే తవ్వి నాటుకుంటూ వచ్చాడు.

మనం తినే రకాలలో చాలావాటికి ప్రతి కణంలోనూ క్రోమోజోములు మూడేసి జట్లుగా ఉంటాయి. బీజకణాలు ఏర్పడే వేళ అవి సరిసమానంగా రెండు భాగాలు కావాలి. మూడింటిని అలా పంచడం ప్రకృతికి కూడా సాధ్యం కాదు. అందుచేత విత్తనం కట్టదు. కాయ మాత్రం ఫలదీకరణతో నిమిత్తం లేకుండానే ఊరి, పండుతుంది.

సంతానమంతా నేల అడుగునుంచే. మనం మానుగా భావించే బోదె నిజానికి ఒకదానినొకటి చుట్టుకున్న దొప్పల దొంతర. అసలు కాండం మట్టిలో దాగిన దుంప. దాని కన్నుల నుంచి పిలకలు మొలుస్తాయి. గెల దించేసరికి తల్లిచెట్టు ఆయువు తీరుతుంది. పక్కనే పిలక సిద్ధంగా ఉంటుంది. అనుభవజ్ఞుడైన రైతు సన్నని ఆకులున్న సూది పిలకలనే ఏరుకుంటాడు. వెడల్పాటి ఆకుల పిలక చూపుకే ఏపు. దాని దుంపలో బలం ఉండదు.

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని శాకీయ ప్రత్యుత్పత్తి అంటారు. చెరకు కణుపు, పసుపు కొమ్ము, బంగాళాదుంప కన్ను, అంచున మొలకలెత్తే రణపాల ఆకు - అన్నిటిదీ ఇదే మార్గం. తల్లి గుణం బిడ్డకు తు.చ. తప్పకుండా వస్తుంది. గోదావరి సీమలో చక్కెరకేళి తీపి తరతరాలుగా నిలిచి ఉండడానికి కారణం ఇదే. కాని తల్లికి లేని రోగనిరోధక శక్తి ఏ పిలకకూ రాదు. నిక్కచ్చిగా చెప్పాలంటే అది బిడ్డ కాదు, తల్లి శరీరమే.

ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో పాశ్చాత్యుల అంగళ్ళలో అమ్ముడుపోయిన అరటి గ్రో మిషెల్ రకానిది. మధ్య అమెరికా తోటలన్నీ ఆ ఒక్క మొక్కే. నేలలోని ఒక శిలీంధ్రం వేళ్ళగుండా ప్రవేశించి, నీటి నాళాలను మూసివేసి, చెట్లను నిలువునా ఎండగట్టింది. అదే పనామా తెగులు. ఆ శిలీంధ్రం ఒకసారి మట్టిలో చేరితే దశాబ్దాలు బతుకుతుంది. 1960వ దశకం నాటికి ఎగుమతి వర్తకులు గత్యంతరం లేక కావెండిష్ రకానికి మారారు.

కావెండిష్ కథ విచిత్రమైనది. మారిషస్ నుంచి వచ్చిన మొక్కను ఇంగ్లండులోని చాట్స్‌వర్త్ భవనపు గాజుగృహంలో తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ పెంచాడు. 1835లో అది పూసింది. యజమాని అయిన డ్యూక్ వంశనామమే దానికి పేరయింది. మన దేశంలో ఇప్పుడు విస్తారంగా సాగవుతున్న గ్రాండ్ నైన్ ఈ కుటుంబానిదే. ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచిన మొక్కలకు మట్టి రోగాలు అంటి ఉండవు; అయినా అవన్నీ ఒకే మొక్క.

ఆ శిలీంధ్రమే ఇప్పుడు టి.ఆర్.4 అనే కొత్త రూపంలో కావెండిష్‌ను కబళిస్తున్నది. ఆసియాలో మొదలై, 2019లో దక్షిణ అమెరికాలోని కొలంబియాలో బయటపడింది. బీహార్ తోటలకూ సోకింది. మందు చల్లితే పోయే తెగులు కాదిది.

2024లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ తెగులును తట్టుకొనే ఒక కావెండిష్‌ను అనుమతించింది. దానిలో చేర్చిన జన్యువు గింజలతో నిండిన అడవి అరటి నుంచి తీసినది. ఆ కొత్త మొక్కనూ పిలకలతోనో, కణజాలంతోనో పెంచవలసిందే. గింజ దానికీ లేదు.