తండా నుండి జాగ్రెబ్ దాకా

హైదరాబాదు పాతబస్తీలో గోలకొండకు వెళ్ళే దారిలో కార్వాన్ అనే పేట ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో దూరదేశాల వర్తకుల బిడారులు అక్కడ విడిది చేసేవి. బిడారును పారశీక భాషలో కారవాన్ అంటారు. ఆ మాటే ఆ పేటకు పేరై నిలిచింది. బిడారులు పోయాయి, 17వ శతాబ్దంలో కట్టిన తోలి మసీదు మాత్రం నేటికీ అక్కడ కనిపిస్తుంది. ఆ రోజులలో దక్కను బాటల మీద ధాన్యాన్నీ, ఉప్పునూ ఎద్దులపై వేసుకొని ఊరూరా చేరవేసినవారు లంబాడీలు. కదిలిపోయే సైన్యాలకు తిండిగింజలు అందించినదీ చాలావరకు వారే. రైళ్ళు వచ్చిన తరువాత ఆ వృత్తి క్షీణించింది. ఎద్దుల మందలతో దేశమంతా తిరిగినవారు క్రమంగా తండాలలో స్థిరపడి సేద్యం చేపట్టారు.

నిజామాబాద్ జిల్లాలో అటువంటి ఒక తండాకు చెందిన కుటుంబంలో 2001లో గుగులోతు సౌమ్య జన్మించింది. ఆమె వృత్తి ఫుట్‌బాల్ ఆట. ఆ వృత్తిలో నిలబడటానికి ఆమె కూడా బెంగళూరు, కోజికోడ్, జాగ్రెబ్, కోల్‌కతా నగరాల దారి పట్టవలసివచ్చింది. అది యాత్రాభిలాష వలన కాదు. ఆడే స్త్రీకి జీతమిచ్చే జట్టు ఆమె పుట్టిన ప్రాంతంలో లేకపోవడమే అందుకు కారణం.

సౌమ్య మొదట పరుగు పందెములలో పాల్గొనేది. ఆ పరుగును చూసి ఆమెను ఫుట్‌బాల్ వైపు మళ్ళించినవాడు నిజామాబాద్‌లో బాలికలకు శిక్షణనిస్తున్న గొట్టిపాటి నాగరాజు. పరుగెత్తే పిల్లను బంతి ఆటకు తేవడంలోని ఔచిత్యం ఆమె ఆడే స్థానాన్ని గమనిస్తే తెలుస్తుంది. మైదానం అంచున పక్కగీత వెంబడి దాడికి వెళ్ళే ఆటగత్తెను వింగర్ అంటారు. మధ్యభాగంలో ప్రత్యర్థులు గుమిగూడి ఉంటారు కనుక, దాడి తరచుగా అంచుల నుండి సాగుతుంది. వింగర్ బంతిని తీసుకొని ఎదురు నిలిచిన రక్షకురాలిని దాటి, గోల్ ముందుకు బంతిని అందించాలి. అవకాశం దొరికితే తానే లోపలికి మళ్ళి గోల్ చేయాలి. బంతి చేజారిన మరుక్షణమే వెనుకకు పరుగెత్తి తన జట్టు రక్షణకు తోడ్పడాలి. 90 నిమిషాలపాటు ఈ రాకపోకలు ఆగవు. కేవలం వేగం ఉంటే చాలదు. ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నిలవాలో తెలియాలి. ఆ వివేకం కఠినమైన పోటీలలో ఆడితేనే అలవడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మన దేశంలో మహిళలకు జాతీయ స్థాయి లీగ్ 2016-17లో గాని ఆరంభం కాలేదు. తొలి సంవత్సరాలలో జట్లన్నీ ఒకచోట చేరి, కొన్ని వారాలలో పోటీలు ముగించుకొని వెళ్ళేవి. ఒక్కొక్క జట్టు తన ఊరిలోను, ఎదుటి జట్టు ఊరిలోను ఆడే పద్ధతి 2023-24లో వచ్చింది. 2024-25 లీగ్‌లో ఎనిమిది జట్లు పాల్గొనగా, వాటిలో తెలుగు రాష్ట్రాల జట్టు ఒక్కటి కూడా లేదు. అందుచేతనే సౌమ్య మొదట బెంగళూరుకు చెందిన కిక్‌స్టార్ట్ జట్టులోను, పిదప కోజికోడ్ కేంద్రంగా ఉన్న గోకులం కేరళ జట్టులోను ఆడింది.

ఈ నేలకు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు శిక్షకుడై 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించిపెట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాల్గవ స్థానం పొందినప్పుడు కూడా శిక్షకుడు అతడే. ఆ ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడ వాడు. అతడు 1957లో కోల్‌కతా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరాడు. తరువాత రైల్వే జట్టుకు ఆడాడు. ఆ తరం ఆటగాళ్ళకు ఆట వలన వచ్చిన డబ్బు స్వల్పమే. కాని పోలీసు శాఖ గాని, రైల్వే గాని ఉద్యోగమిచ్చేది. ఆట ముగిసిన తరువాత కూడా నెల జీతం అందేది. పురుషులకు ఆనాడే లభించిన ఆ భరోసా స్త్రీలకు లేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ ఘనతను చెప్పుకునేటప్పుడు ఈ మాట సాధారణంగా ఎవరూ ఎత్తరు.

సౌమ్య జీవితంలో 2022 విచిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది జనవరిలో ఆసియా కప్ పోటీలు మహారాష్ట్రలో జరిగాయి.  ఇరాన్‌తో తొలి ఆట 0-0గా ముగిసింది. మూడు రోజుల తరువాత చైనీస్ తైపీతో ఆడవలసి ఉండగా, జట్టులో అనేకులకు కోవిడ్ సోకింది. నిబంధన ప్రకారం కావలసిన 13 మంది లేకపోవడంతో భారత జట్టు పోటీల నుండే తప్పుకోవలసివచ్చింది. ఏళ్ళ తరబడి సాగిన సన్నాహం ఒక్క ఆటతో ముగిసిపోయింది.

అదే సంవత్సరంలో మరొక ద్వారం తెరుచుకుంది. క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో జరిగిన ఎంపిక పరీక్షలలో నెగ్గి, సౌమ్య, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ డైనమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరారు. అంతకు రెండేళ్ళ ముందు మణిపూర్ క్రీడాకారిణి బాలాదేవి స్కాట్లండ్‌లోని రేంజర్స్ జట్టుతో ఒప్పందం చేసుకుంది. అయినను యూరప్ జట్లలో మన స్త్రీలు అప్పటికి వేళ్ళ మీద లెక్కించదగినంతమందే. తండాలో పుట్టి, నిజామాబాద్ మైదానంలో ఆట నేర్చిన ఇరవై ఒక్క ఏళ్ళ యువతికి భాష, ఆహారం, శీతలం అన్నీ కొత్తవే. జీతానికి ఆడే ఫుట్‌బాల్‌లో ఒప్పందం గడువు తీరితే ఉపాధీ తీరుతుంది. మోకాలికి గాయమైతే మరుసటి ఒప్పందమే సందేహం. వృత్తి క్రీడ అనే మాట వెనుక ఉన్న ఈ అనిశ్చితి బయటివారికి కనిపించదు.

జీతం సంగతి మన దేశంలో ఇటీవలనే చర్చకు వచ్చింది. అగ్రశ్రేణి జట్టు ప్రతి ఒక్కటీ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏటా 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో ప్రకటించింది. నెలకు ఇరవై ఆరు వేల పైచిలుకు అన్నమాట. ఇది గొప్ప మొత్తం కాదు. కాని అసలు కనీసమంటూ ఒకటి ఉండటమే ముందడుగు.

ఈ విషయంలో జపాన్ అనుభవం గమనించదగినది. అక్కడ మహిళల లీగ్ 1989లోనే మొదలైంది. 2011లో జపాన్ స్త్రీలు అమెరికాను ఓడించి ప్రపంచ కప్ గెలిచారు. ఆ జట్టులోనివారందరూ ఆట మీదనే బతికినవారు కారు. క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీపై ఏకైక గోల్ చేసిన కరీనా మరుయామా అంతకు ముందు ఒక విద్యుత్ సంస్థ జట్టుకు ఆడుతూ, ఆ సంస్థకు చెందిన ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం చేసింది. ప్రపంచ విజేతలైన పదేళ్ళకు, అంటే 2021 సెప్టెంబరులో, అక్కడ స్త్రీలకు పూర్తి వృత్తి లీగ్ ఏర్పడింది. ప్రతి జట్టులోను కనీసం 15 మందితో వృత్తి ఒప్పందం చేసుకోవాలన్నది దాని నియమం. నేడు ఇరవై ఏళ్ళ జపాన్ యువతి తన దేశంలోనే జీతం తీసుకుంటూ ఆడగలదు. విదేశానికి వెళితే అది మరింత మేలైన ఆట కోసం. సౌమ్యకు నిజామాబాద్ దాటడమే మొదటి షరతు.

జాగ్రెబ్ నుండి తిరిగి వచ్చిన కొంతకాలానికి సౌమ్య ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరింది. బలరాం ఆడినది కూడా ఈ జట్టుకే. 2025 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీని 1-0తో ఓడించి ఈస్ట్ బెంగాల్ స్త్రీలు తొలిసారి జాతీయ లీగ్ గెలుచుకున్నారు. ఆ ఒక్క గోల్ సౌమ్య చేసినదే. మరుసటి నెలలో సమాఖ్య ఆమెను 2024-25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించింది.

ఆ వేసవిలోనే థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై నగరంలో ఆసియా కప్ అర్హత పోటీలు జరిగాయి. మంగోలియాపై భారత్ 13-0తో గెలిచిన ఆటలో సౌమ్య రెండు గోల్స్ చేసింది. జూలై 5న ఆతిథ్య జట్టు థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా భారత స్త్రీలు తొలిసారి ఆసియా కప్‌కు చేరుకున్నారు. ఆ నెలాఖరున సిడ్నీలో జట్ల విభాగాలను నిర్ణయించారు. 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో జరిగే పోటీలకు భారత్ ఉన్న విభాగంలోనే వియత్నాం, చైనీస్ తైపీ, జపాన్ జట్లు వచ్చి చేరాయి.