అమ్మ గడియారము

ఒక ఏప్రిల్ నెలలో మేము వృద్ధురాలైన మా తల్లిగారిని వెంటబెట్టుకొని కావలి నుండి అండమాను దీవులకు పోయితిమి. అచట ఆమె అయిదింటికే "తెల్లవారినది, లేవరా నాయనా!" అని పిలువగా, మేము గడియారము చూచి మరల పండుకొంటిమి. సాయంకాలము అయిదున్నరకు షికారు బయలుదేరగా దారిలోనే చీకటి పడెను. చూపు మందగించిన ఆమె మెట్లపై తడబడెను.

కారణమేమి? కావలి రమారమి 80వ రేఖాంశముపై నున్నది. 2024లో శ్రీవిజయపురముగా పేరు మారిన పోర్టు బ్లెయిర్ 93వ దానికి చేరువ. ఒక్కొక్క రేఖాంశమునకు 4 నిమిషముల భేదము. కాన మన తుమ్మలపెంట తీరమున కంటె అచట సూర్యుడు ఇంచుమించు 50 నిమిషములు ముందుగా ఉదయించి, అట్లే ముందుగా అస్తమించును. గడియారములు మాత్రము రెండు చోట్లను ఒక్కటే కాలము చూపును.

మరునాటి నుండి అమ్మ లేచిన వేళకే మేమును లేచితిమి. పెద్దలతో ఆ దీవులకు పోవువారు గడియారము కంటె వారి మెలకువను నమ్ముట మేలు.